వెంట్రుకవాసి

కూరగాయల సంచి ఒళ్లో పెట్టుకుని ఒకావిడ మోకాలు బాగు చేయించుకుంటోంది. పెడనలో ఇప్పుడు వీధికొక కీలుశాల. కీలుకన్ను అనే సన్నటి గొట్టం కీలులోకి దూరి, చిరిగిన మృదులాస్థిని తీసేసి, ఆ చోట కొత్తది మొలిపిస్తుంది. కొత్త కీలు చేతి పాత అలవాట్లను కూడా చెరిపేసి తిన్నగా కదిలిస్తుంది. నాంచారమ్మ మణికట్టుకు ఆ పని జరిగి మూడు నెలలు. ఈ రోజు ఫలితం చూస్తారు.

"నొప్పి?" అడిగింది డాక్టరు.

"లేదమ్మా."

"పట్టు?"

"పాతికేళ్ల పిల్లకున్నంత ఉంది."

"మరి ముఖం అలా పెట్టారేం?" తెర మీద నూటికి తొంభై తొమ్మిది వేసింది డాక్టరు.

నాంచారమ్మ తడబడుతూ చెప్పింది. కలంకారీ బల్లకు ఒక పక్క ఆమె, ఎదురుగా పక్కింటి వైదేహి. ఇరవై రెండేళ్లుగా నాంచారమ్మ గీతల అచ్చు పెట్టి మణికట్టు అంచుతో కొడితే, ఆ గీతల మధ్య వైదేహి రంగు అచ్చు వేస్తుంది. కొట్టీ కొట్టీ కీలు చిరిగింది. నొప్పికి చెయ్యి వంచి కొట్టడంతో ప్రతి పువ్వూ వెంట్రుకవాసి పక్కకు పడేది. వైదేహి చెయ్యీ అలాగే అలవాటు పడింది. ఇప్పుడు నాంచారమ్మ గీత తిన్నగా ఉంది. వైదేహి ఎరుపే గీత దాటుతోంది.

"పదిహేను చీరలు పాడయ్యాయమ్మా. సోమవారం నుంచి వైదేహిని చీరాలలో గుడ్డలుతికే షెడ్డుకు పంపేస్తానన్నాడు మేస్త్రి. నా చెయ్యి మళ్లీ మునుపటిలా చేసెయ్యరాదూ?"

"బాగైన కీలును పాడు చెయ్యమండీ."

"పోనీ తనకూ ఈ పనే చెయ్యండి, తన అలవాటూ పోతుంది."

"నిన్న ఆవిడే వచ్చి అడిగారు. చిరుగు లేదు. చిరగని కీలును కీలుకన్ను ముట్టదు. ఆ మాటే చెప్పి పంపాను."

ఇక్కడికి వచ్చినట్టు వైదేహి తనతో అననేలేదు. నాంచారమ్మ చెప్పులు సరిగా తొడుక్కోకుండానే అచ్చుల షెడ్డుకు నడిచింది.

అందరూ అన్నాలకు పోయారు. లోపల దెబ్బ వినిపించింది. ఆగి, మళ్లీ ఇంకొకటి. గుడ్డ మీద పడే అచ్చు చప్పుడు కాదది.

వైదేహి బల్ల అంచుకు ఆనుకుని నిలబడి ఉంది. మణికట్టు అప్పుడే ఉబ్బుతోంది.

"ఏం చేసుకున్నావు వదినా?"

"అరవకు, మేస్త్రి వస్తాడు." వైదేహి పెదవి కొరుక్కుంటూ చెయ్యి చాపింది. "చిరిగిందో లేదో తెలీటం లేదు. ఆ నొప్పి నీకు ఎరుకేగా. కాస్త తిప్పి చూడు."

నాంచారమ్మ ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. తిప్పడానికి ధైర్యం చాల్లేదు.