ట్యాంకు మూత మీద బొట్టు

గోదావరి నడిమధ్యలో ఇంజన్ దగ్గింది.

ఒకసారి దగ్గితే ఎవరూ పట్టించుకోరు. ముసలి ఇంజన్, దగ్గక ఏం చేస్తుంది? రెండోసారి దగ్గింది. ఆ తర్వాత "డుబ్... డుబ్..." అని నీరసంగా మూలిగి ఆగిపోయింది. అంతవరకూ కేకలు వేసుకుంటూ మాట్లాడుకున్న వాళ్ళంతా ఒక్కసారి నోళ్ళు మూశారు. పడవ పక్కలకి నీళ్ళు తగిలే చప్పుడు వినబడింది.

"ఏమైంది నాన్నా?" అంది తులసి.

దుర్గారావు అప్పటికే చుక్కాని వదిలి ఇంజన్ మీదికి వంగాడు.

వాళ్ళ లంక నుంచి అవతలి గట్టుకి వెళ్ళాలంటే దుర్గారావు పడవే దిక్కు. తులసి తాతగారి రోజుల్లో పడవ కడుపులో దించిన ఇంజన్ అది. రోజూ అరటిగెలలు, పాల క్యాన్లు, కంద దుంపలు ఎక్కే ఆ పడవలో ఈ రోజు పదో తరగతి పిల్లలున్నారు. లెక్కల పరీక్ష. తులసి చదివే బడిలోనే సెంటర్ పడింది. అందుకని ఆరో తరగతి తులసికి సెలవు. అమ్మ ఐనవిల్లిలో పుట్టింటికి వెళ్ళింది. ఇంట్లో ఒక్కతే ఉండటం ఇష్టంలేక నాన్నతో పాటు పడవెక్కింది.

తులసి పక్కన విజయక్క కూర్చుంది. వాళ్ళ వీధిలోనే ఉంటుంది. హాల్ టికెట్ ఉన్న ప్లాస్టిక్ కవరుని రెండు చేతులతో గుండెలకి పట్టుకుంది.

"బాబాయ్, తొమ్మిదిన్నరకి గేటు వేసేస్తారు" అంది సన్నగా.

"ఎల్లిపోదామమ్మా, ఎల్లిపోదాం" అన్నాడు దుర్గారావు తల ఎత్తకుండానే.

కానీ అసలు భయం గేటు ఒక్కటే కాదు. పాటు మొదలైంది. సముద్రం నీళ్ళని వెనక్కి లాక్కునే వేళ అది. ఇంజన్ లేని పడవ ఆ నీళ్ళతో పాటే కిందికి జారుతోంది. కింద ఇసుక తిప్ప ఉంది. పాటులో పడవ తిప్ప ఎక్కిందంటే మళ్ళీ పోటు వచ్చి లేపేదాకా కదలదు. అంటే మధ్యాహ్నం మాట. అప్పటికి లెక్కల పరీక్ష ముగిసిపోతుంది.

"సతీషూ! డీజిలు గుడ్డ ఏసి పోసేవా?" అని గద్దించాడు దుర్గారావు.

నాగసతీష్ తులసికి మేనత్త కొడుకు. డీజిల్ పోయడం, హ్యాండిల్ తిప్పడం, గట్టున తాడు కట్టడం అతని పని. డీజిల్‌ని పలచటి గుడ్డలో వడకట్టి పోయకపోతే నలకలు వెళ్ళి ఇంజన్ గొంతుకి అడ్డం పడతాయి.

"ఆయ్, ఏసేనండి మావయ్యా. రెండు మడతలేసి పోసేను."

దుర్గారావు డీజిల్ ట్యాంకు మూత తిప్పాడు. 'ఉస్సు'మంది. పుల్ల ముంచి చూశాడు. నిండుగానే ఉంది. మూత బిగించి, ఫిల్టర్ గిన్నె చూశాడు. నీళ్ళు లేవు. పంపు దగ్గర నట్టు వదులు చేసి, గొట్టంలోని గాలి తీసి, మళ్ళీ బిగించాడు.

"తిప్పు!"

సతీష్ హ్యాండిల్ తిప్పాడు. డుబుడుబుడుబుమని ఇంజన్ లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. కూరగాయల గంపతో కూర్చున్న నూకాలమ్మ గోదావరికి దణ్ణం పెట్టింది.

ఆ దణ్ణం పెట్టిన చేతులు ఒళ్ళోకి దిగి ఎంతోసేపు కాలేదు. ఇంజన్ మళ్ళీ దగ్గింది. మళ్ళీ ఆగింది.

దుర్గారావు ముఖం జేవురించింది. మళ్ళీ ట్యాంకు మూత తిప్పాడు. మళ్ళీ 'ఉస్సు'.

ఈసారి తులసి ఆ చప్పుడు విన్నది. విని, మూత వైపు చూసింది. చూసి, ఉలిక్కిపడింది.

మూత నడుమ ఎర్రగా, గుండ్రంగా, ముద్దుగా ఒక స్టిక్కర్ బొట్టు ఉంది.

అది పెట్టింది తులసే. ప్రతి శుక్రవారం సాయంత్రం అమ్మ పడవ దగ్గరికి వచ్చి ఇంజన్‌కి పసుపు రాసి, కుంకుమ పెట్టి, అగరొత్తి వెలిగిస్తుంది. అమ్మ ఊళ్ళో లేదు కదా, నిన్న ఆ పని తులసి తన మీద వేసుకుంది. ఇంజన్‌కి పసుపు రాసింది. ట్యాంకు కూడా ఇంజన్‌దేగా, దానికీ రాసింది. మూతకి బొట్టు పెడితే నూనె జిడ్డుకి కుంకుమ జారిపోయింది. రెండుసార్లు పెట్టింది, రెండుసార్లూ జారింది. అప్పుడు అమ్మ అద్దానికి అంటించి ఉన్న బొట్టుబిళ్ళల్లో పెద్దది తెచ్చి అంటించింది. సరిగ్గా నడుమ ఎక్కడో కొలుచుకునే పని కూడా లేకపోయింది. మూత మధ్యలో చిన్న చిల్లు ఉంది. దాని మీదే అంటించేసింది. ఎంత బాగుందో అని కాసేపు నిలబడి చూసుకుంది కూడా.

ఇప్పుడు ఆ చిల్లు ఎందుకుందో తెలిసింది. ఇంట్లో మంచినీళ్ళ క్యాను మూత గట్టిగా బిగిస్తే కుళాయిలోంచి నీళ్ళు సన్నబడి ఆగిపోతాయి. మూత కాస్త వదులు చేస్తే ధారగా పడతాయి. "గాలి లోపలికెల్లితేనే గదే నీళ్ళు బయటికొచ్చేది" అంటుంది అమ్మ. ట్యాంకుకి ఆ గాలి వెళ్ళే దారి అదే. నాన్న మూత తీసినప్పుడల్లా గాలి వెళ్తోంది, ఇంజన్ నడుస్తోంది. మూసిన కాసేపటికి ఆగిపోతోంది.

చెప్పేయాలి. తులసి నోరు తెరిచింది.

"నలక పంపులోకి పోయింది! గుడ్డ ఏసేనంటే నమ్మమంటావేంట్రా? రేపట్నించి నువ్వీ పడవ ఎక్కక్కర్లేదు!" పంపు దగ్గర మళ్ళీ గాలి తీస్తూ దుర్గారావు అరిచిన అరుపు పడవంతా వినబడింది. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, ఇంజన్ మీది కోపమంతా సతీష్ మీదికి వెళ్ళింది.

తులసి నోరు మూసుకుంది. సతీష్ బావకే ఇలా తిట్లు పడితే, తనకి ఎలా పడతాయో! విజయక్క ఏమంటుంది? ఇంతమంది పిల్లల పరీక్ష తన వల్లే పోతోందని తెలిస్తే? తేలు కుట్టిన దొంగలా అలాగే కూర్చుంది.

నూకాలమ్మ ఈలోగా ఫోను తీసింది. గట్టున ఉన్న కొడుకు పోలిరాజుకి చేసింది. "ఒరేయ్, మేం ఏటి మధ్యలో ఆగిపోయేంరా. సతీష్ గాడు డీజిలు వడకట్టకుండా పోసేడంట. ఆ, వాడే!"

సతీష్ ఆ మాట విన్నాడు. చెమట తుడుచుకునే నెపంతో ముఖం పక్కకి తిప్పుకున్నాడు. తులసికి ఏడుపొచ్చింది.

"గెడలు తియ్యండి!" అన్నాడు దుర్గారావు. ఇద్దరూ పడవ ముందుకి పరుగెత్తి గెడకర్రలు నీళ్ళలో గుచ్చారు. అడుగు అందలేదు. పెద్ద పిల్లలు కూడా లేచి వాళ్ళ దగ్గరికి వెళ్ళారు. అందరి కళ్ళూ అటే ఉన్నాయి.

తులసి మెల్లగా జరిగింది. గోటితో బొట్టుబిళ్ళ అంచు లేపింది. చటుక్కున ఊడి వచ్చింది. అరచేతిలో అంటించుకుని గుప్పిట మూసింది.

అమ్మయ్య! ఇక హ్యాండిల్ తిప్పితే చాలు. ఇంజన్ నడుస్తుంది. ఎవరికీ ఏమీ తెలియదు. గుప్పిట నీళ్ళలో ముంచి తెరిస్తే గోదావరి మోసుకుపోతుంది.

దుర్గారావు తిరిగి వచ్చాడు. అయితే హ్యాండిల్ పట్టుకోలేదు. పెట్టెలోంచి పానా తీశాడు.

"ఇక లాభం లేదు. పంపు విప్పాలి."

"మావయ్యా, విప్పితే మళ్ళీ బిగించేసరికి తిప్ప మీదుంటామండి. ఇంకొక్కసారి తిప్పి చూద్దాం" అన్నాడు సతీష్.

"నువ్వు మాటాడకు! చేసింది చాలు. తిప్పితే మళ్ళీ ఆగదని రాసిత్తావా?"

విజయ చేతుల్లో ముఖం దాచుకుంది. తిప్ప మీద వాలిన కొంగలు ఇప్పుడు ఒక్కొక్కటీ విడివిడిగా కనబడుతున్నాయి. పానా నట్టు మీద కూర్చుంది. చిల్లు తెరుచుకుందని తులసికి తప్ప ఎవరికీ తెలియదు. తను చెప్పకపోతే అది తెరుచుకున్నా ఒకటే, మూసుకున్నా ఒకటే.

"నాన్నా, పంపు విప్పకు!"

దుర్గారావు తలెత్తాడు. "ఎల్లి కూర్చో. ఇది పిల్లల పని కాదు."

"పంపులో ఏమీ లేదు నాన్నా. సతీష్ బావ గుడ్డ వేసే పోశాడు. నేనే..." గుప్పిట తెరిచి చూపించింది. "నిన్న పూజలో మూత మీద అంటించాను. చిల్లు మూసుకుపోయింది. ఇప్పుడే పీకేశాను. ఎవరూ చూడకుండా పీకాను."

దుర్గారావు ఆ అరచేతిని చూశాడు. మూతని చూశాడు. వేలితో చిల్లు తడిమాడు. కొట్టడానికే అనుకుని తులసి కళ్ళు మూసుకుంది.

పానా చెక్క మీద పడ్డ చప్పుడైంది.

"సతీషూ," అన్నాడు దుర్గారావు. గొంతు మారిపోయింది. "గాలి తీసేను. తిప్పు, నాయనా."

సతీష్ ఒంట్లో బలమంతా పెట్టి తిప్పాడు. ఇంజన్ లేచింది. అదే సమయానికి పడవ అడుగు ఇసుకకి రాసుకుని బరబరమంది. పిల్లలు కెవ్వుమన్నారు. దుర్గారావు చుక్కాని మొత్తం తోశాడు. పడవ ఒకసారి వణికి, పక్కకి ఒరిగి, లోతులోకి జారింది.

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ చెవులు ఇంజన్ మీదే పెట్టుకుని కూర్చున్నారు. ఇప్పుడు దగ్గుతుందా, ఇప్పుడు దగ్గుతుందా అని. అది దగ్గలేదు. గట్టు దగ్గరికొచ్చింది.

పడవ ఆగీ ఆగకముందే పదో తరగతి పిల్లలు దూకారు. విజయ పరుగెడుతూ వెనక్కి తిరిగి తులసికి చెయ్యి ఊపింది. గేటు ఇంకా తెరిచే ఉందని ఎవరో కేకేసి చెప్పారు.

రేవులో లంకకి వెళ్ళేవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. నూకాలమ్మ ఫోను మాట వాళ్ళందరికీ ఎప్పుడో చేరిపోయింది.

"ఏరా సతీషూ, డీజిలు వడకట్టడానికి కూడా బద్ధకమేనేంట్రా?" అన్నాడు పోలిరాజు.

"పరీక్ష పిల్లలున్న పడవండీ! బొత్తిగా బాధ్యత లేదు" అంది ఇంకొకావిడ.

సతీష్ తాడు కడుతూ తల ఎత్తలేదు.

దుర్గారావు గబగబా అడ్డం వచ్చాడు. "పాత ఇంజనండి, మొరాయించింది. వాడి తప్పేం లేదు. అయిపోయిందిగా, ఎక్కండి." అంటూనే తులసి తల మీద చెయ్యి వేసి, ఇక నువ్వు మాట్లాడక్కర్లేదు అన్నట్టు మెల్లగా నొక్కాడు.

పోలిరాజు నమ్మినట్టు లేదు. "మేనల్లుణ్ణి వెనకేసుకొత్తన్నాడు" అని గొణిగాడు.

తులసి నాన్న చేతి కింద నుంచి తప్పుకుంది. పడవ అంచు మీద ఎక్కి నిలబడింది. చెవులు మండిపోతున్నాయి.

"సతీష్ బావ రెండు మడతల గుడ్డ వేసి పోశాడండి. ఇంజన్‌ది కూడా తప్పు కాదండి. ట్యాంకు చిల్లు మీద బొట్టుబిళ్ళ అంటించింది నేనండి. తెలిసిన తర్వాత కూడా కాసేపు చెప్పలేదండి."

సతీష్ తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పోలిరాజు నాలుక కరుచుకున్నాడు.

అందరికంటే వెనక కామేశ్వరరావు తాతగారున్నారు. ఆయనకి బాగా చెవుడు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమంటందర్రా ఆ పిల్ల?" అని అడిగారు.

"ఏం లేదులెండి తాతగారూ" అన్నారెవరో.

తులసి గట్టు మీదికి దిగింది. మనుషుల్ని తప్పించుకుంటూ ఆయన దగ్గరికి వెళ్ళింది. గట్టిగా ఊపిరి తీసుకుని, అంతా మళ్ళీ మొదటి నుంచి, ఇంకా గట్టిగా చెప్పింది.