తొమ్మిది దీపాల పొద్దు

పొద్దున ఎనిమిదింటికి అండాలు పల్లీల చట్నీ తిప్పుతుండగా మిక్సీ ఆగిపోయింది. వీధిలో అందరికీ కరెంటు ఉంది. తమ ఇంట్లోనే లేదు. మూడు రోజుల్లో ఇది నాలుగోసారి.

"నిహా, మళ్ల ఎన్ని వెలిగించినవే?" వంటింట్లోంచే అడిగింది.

"నాలుగే అమ్మా. అవి గూడ సగం సగమే."

"నీ సగంతోని నా చట్నీ గూడ సగమే అయ్యింది."

లింగస్వామి గొణుక్కుంటూ స్టూలెక్కి ఫ్యూజు తీగ మార్చాడు. నల్గొండ గడియారం సెంటరు దగ్గర ఇరవై రెండేళ్లుగా బల్బులు, వైర్లు, స్విచ్చులు అమ్ముతున్న మనిషి. కరెంటు సామాను అమ్మేవాడి ఇంట్లోనే ఫ్యూజులు ఎగిరిపోతే పక్కింటివాళ్లు నవ్వరా అన్నది అతని బాధ.

అన్నం తినే బల్ల మీద మూడు రోజులుగా నిహారిక తెచ్చిన లైట్ల కన్సోల్ ఉంది. వరుసగా జరిపే మీటలు, పైన ఒక తెర. పక్కన స్టాండు మీద పెద్ద లైటు. అందులో మూడు వరుసల్లో తొమ్మిది దీపాలు. వాటి వైర్లన్నీ కింద ఒక పెట్టెలోకి పోతాయి. కన్సోల్ చెప్పినంత కరెంటు ఒక్కో దీపానికీ ఇచ్చేది ఆ పెట్టే. ఇంటిల్లిపాది కింద కూర్చుని తింటున్నారు.

పానగల్ రోడ్డులో మూతపడ్డ రైసు మిల్లులో సినిమా షూటింగ్. కథలో ఒకచోట, మిల్లు కిటికీలోంచి ఒక్క నిమిషంలో తెల్లవారాలి. అసలు సూర్యుడు ఎవరి మాటా వినడు కాబట్టి ఆ పొద్దును దీపాలతో పుట్టించాలి. ఏ దీపం ఏ క్షణాన ఎంత వెలగాలో కన్సోల్‌లో ముందే రాసిపెట్టడం నిహారిక పని. ఇన్నాళ్లూ ఇంకొకరి కింద చేసింది. తన చేతికే మొత్తం అప్పజెప్పడం ఇదే మొదలు. పదకొండింటికి కెమెరామన్ శివకుమార్ చూస్తాడు. నచ్చితే సినిమా మొత్తం ఆమెదే. నచ్చకపోతే హైదరాబాద్ నుంచి ఇంకొకరు వస్తారు.

తండ్రితో ఆమె ఒప్పందం కూడా ఈ పూటతోనే ముడిపడి ఉంది. ఇది చేయి జారితే షాపులో కూర్చుంటానని మాట ఇచ్చింది.

"ఒక్క లైటుకు తొమ్మిది నంబర్లేందే?" అన్నాడు లింగస్వామి స్టూలు దిగుతూ. "నా షాపుల బల్బంటే వెలుగుతది, లేకుంటే వెలగది. అంతే."

"ఆ రెండిటి నడుమనే ఉంది బాపు, నా పనంతా."

"నడుమ ఉన్నదానికి గిరాకీ ఉండదు బిడ్డా."

ఆమె స్నానానికి వెళ్లింది.

లింగస్వామికి ఒక పద్ధతి ఉంది. ఏ బల్బునైనా కౌంటర్ మీది బోర్డులో పెట్టి వెలిగించి చూపిస్తాడు. "చూసుకో, వెలిగింది. ఇంటికి పోయినంక వెలగలేదంటే నాకు సంబంధం లేదు," అంటాడు. ఎవరైనా మళ్లొకసారి చూపించమంటే మాత్రం ఒళ్లు మండుతుంది. "ఒక్కసారి చూస్తే తెలవదా?" అని కసురుతాడు. చూపించకుండా అమ్మిన సరుకు తిరిగొస్తుందని అతని నమ్మకం.

ఇంత పెద్ద లైటు పరీక్ష లేకుండా ఇల్లు దాటడం అతనికి మింగుడుపడలేదు. ఆమె పని మీద కోపం ఉంటే ఉండొచ్చు. వెలగని దీపం తన గుమ్మం దాటిందన్న మాట మాత్రం రాకూడదు. ఆమె స్నానం ముగించేలోగా ఒక్కో ప్లగ్గూ పెట్టెలోంచి పీకి, ఇంట్లో ఉన్న టెస్టింగు బోర్డులో పెట్టి చూశాడు. తొమ్మిదీ వెలిగాయి. తిరిగి పెట్టేటప్పుడు, ఇందాక అడ్డదిడ్డంగా ఉన్న ప్లగ్గుల్ని వైర్లు ఒకదాని మీద ఒకటి పడకుండా ముచ్చటగా వరుసలో పెట్టాడు. వరుస తప్పిన సరుకు చూస్తే అతనికి చేతులు ఊరుకోవు.

నిహారిక తినకుండానే, పెట్టెలోంచి వైర్లు ఊడదీయకుండా సామానంతా ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని బయలుదేరింది. "తిండి లేకుండ ఏం ఎలగబెడతదో," అంటూ అండాలు టిఫిన్ డబ్బా సర్దింది. తనూ లింగస్వామీ స్కూటర్ మీద మిల్లుకు వెళ్లేసరికి కిటికీలకు బయట నల్ల గుడ్డలు కట్టి చీకటి చేశారు, ఆ గుడ్డకూ కిటికీకీ మధ్య లైటు సిద్ధంగా ఉంది.

నిహారిక బటన్ నొక్కింది. ముందు పై వరుసలో కుడివైపు దీపం వెలిగింది. తర్వాత కింద ఒకటి. ఉన్నట్టుండి నడిమిది భగ్గుమంది.

"నిహారికా, పొద్దు నడినెత్తి నుంచి పొడుస్తదా?" అన్నాడు శివకుమార్. కోపంగా కాదు, అలసిపోయినట్టు. గడియారం చూశాడు. "పన్నెండు దాంక చూస్త. తర్వాత హైదరాబాద్‌కు ఫోన్ చేస్త."

ఆమె తెర మీద అంతా రెండుసార్లు వెతికింది. తప్పు లేదు. అప్పుడు వంగి పెట్టె వైపు చూసింది. ప్లగ్గులు బడిపిల్లల్లా వరుసగా నిలబడి ఉన్నాయి.

"బాపు, వీటిని నువ్వు ముట్టినవా?"

"చెక్ చేసిన. అన్నీ మంచిగనే ఉన్నయ్. వరుస గూడ సరిచేసిన."

"పెట్టెల యాడ ఏ దీపం వైరుందో కన్సోల్‌కు చెప్పిపెట్టుకున్న. అడ్డదిడ్డంగ ఉన్నా దానికి ఎరికే. నన్నొక్క మాట అడగొద్దా?"

"నా గుమ్మం దాటే సరుకు..."

"ఇది నీ సరుకు కాదు బాపు." ఆమె గొంతు పెరగలేదు, దీపంలా తగ్గిపోయింది. "అయినా నీకు కావాల్సింది గిదే గద. షాపు తాళం చెవులియ్యి. రేపటికెల్లి కూసుంట."

అండాలు టిఫిన్ డబ్బా కింద పెట్టింది. "నువ్వు మగ్గం దిగి దుకాణం పెట్టిన్నాడు మీ నాయిన ఏడాది నీతోని మాట్లాడలే. అయినా ఎన్నడన్న నీ సరుకు మీద చెయ్యి పెట్టిండా?"

లింగస్వామి కోరుకున్నది చేతికి వచ్చింది. కానీ తక్కెడలో వేలు పెట్టి గెలిచిన బేరంలా వచ్చింది. ఇరవై రెండేళ్లలో అలాంటి బేరం అతను ఒక్కటీ చేయలేదు. నలుగురి ముందే శివకుమార్ దగ్గరికి నడిచాడు.

"సార్, పిల్ల తప్పు లేదు. వైర్లు మార్చింది నేను. ఆమె రాసింది సక్కగనే ఉంది."

శివకుమార్ అతన్ని ఒకసారి, గడియారాన్ని ఒకసారి చూశాడు. "ఇంక ఇరవై నిమిషాలున్నయ్."

లింగస్వామి కూతురి దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "ఏది యాడుండెనో నాకు యాది లేదు బిడ్డా."

"యాది అక్కర్లేదు. లైటు ముందర నిలబడు. ఒక్కోటి వెలిగిస్త. ఏది వెలిగిందో చెప్పు. కన్సోల్‌కు మళ్ల చెప్పుకుంట."

అది అతనికి చేతనైన పనే.

"ఒకటి," అంది నిహారిక.

"పై వరుస, కుడి చేతి దిక్కు. చూసుకో, వెలిగింది."

లైట్‌బాయ్‌లు నవ్వారు. అతను నవ్వలేదు. నిలువెల్లా శ్రద్ధగా నిలబడి ఉన్నాడు.

"రెండు."

"కింద, నడిమిది. చూసుకో, వెలిగింది."

ఐదోదానికి నిహారిక ముఖంలో బిగువు సడలింది. తొమ్మిదోది అయ్యేసరికి పన్నెండుకు ఇంకా ఐదు నిమిషాలున్నాయి.

ఆమె మళ్లీ బటన్ నొక్కింది. కొన్ని క్షణాలు ఏమీ కానట్టే ఉంది. తర్వాత కింది వరుసలో ఒక దీపం నిప్పుకణికలా, ఉందా లేదా అన్నట్టు తెలిసింది. దాని పక్కది అందుకుంది. కిటికీ ఊచల నీడ నేల మీద పుట్టి మెల్లగా జరిగింది. ఏళ్లనాటి ఊక దుమ్ము గాలిలో పసుపుగా తేలింది. ఏ దీపమూ అప్పుడే పూర్తిగా వెలగలేదు. ఆ వెలగకపోవడంలోనే తెల్లవారుతోంది. లింగస్వామి తొమ్మిదింటినీ లెక్కపెట్టాలని చూసి, ఎక్కడో మరిచిపోయాడు.

శివకుమార్ ఫోను జేబులో పెట్టుకుని, కెమెరా తెమ్మని సైగ చేశాడు.

నిహారిక మీట మీది చేయి తీసి తండ్రి వైపు తిరిగింది. "చూసుకున్నవా బాపు? ఇంటికి పోయినంక వెలగలేదంటే నాకు సంబంధం లేదు."

లింగస్వామి కళ్లు తుడుచుకోవడం కూతురు చూసినా దాచుకోలేదు.

"మళ్లొకసారి చూపియ్యి," అన్నాడు.

"ఒక్కసారి చూస్తే తెలవదా?" అంది అండాలు వెనక నుంచి, డబ్బా మూత తీస్తూ.

నిహారిక అన్నింటినీ చీకటిలోకి దించి, మొదటి నుంచి మొదలుపెట్టింది.