పొట్టి ప్రార్థన

"రేపు పొద్దున డేటా దాటిస్తారు," అంది చెలాగట్ మేడమ్. నైరోబీ గూఢచారి శాఖకి ఆవిడ పెద్ద. గొంతు ఇంకా పెద్ద.

ఏజెంట్ బారసా చాయ్ కప్పు కింద పెట్టాడు. "ఎవరి డేటా, మేడమ్?"

"దేశంలో రోగులందరిదీ. ఆసుపత్రుల్ని కలిపే కొత్త విధానం రేపే ప్రారంభం. రోగి ఏ ఊరెళ్తే ఫైలు ఆ ఊరెళ్తుందిట. వేదిక మీది కంప్యూటర్‌లో ఎవరో డ్రైవ్ గుచ్చబోతున్నారు. గుచ్చమన్నది హాలికాన్. ఉద్యోగులెవరు పనికొస్తారో, ఎవరు రారో చెప్పే ఏఐని అమ్ముకునే విదేశీ కంపెనీ."

దీన్నే సర్కారు పోర్టబిలిటీ అంటోంది. హాలికాన్‌కది పోర్టుదాకా తవ్విన బిలం!

"నువ్వు పాస్టర్ వేషంలో వెళ్లు. సొత్తుతో సహా పట్టుకో."

 ఆ ఫైళ్లలో బారసా చెల్లెలు నఫూలాదీ ఉంది. సికిల్‌సెల్ అనే రక్తపు జబ్బు. ప్రైవేటు స్కూల్లో టీచరు. జబ్బు సంగతి పొక్కితే ఉద్యోగం ఊడుతుంది.

మర్నాడు హాల్లోకి ముందు అత్తరు వచ్చింది, వెనకాల లోర్నా వచ్చింది. ఆరోగ్య మంత్రిగారి సలహాదారు. బారసా శాఖకీ వేగు. ఆకుపచ్చ పట్టు గౌను.

"పాస్టర్ గారూ, ప్రార్థన తొందరపడకండి. తీరిగ్గా కానివ్వండి," అంది చెవిలో.

ఇక్కడ ప్రార్థన లేనిదే మీటింగు మొదలవదు. మొదలైన ప్రార్థన ఓ పట్టాన తెమలదు. అధ్యక్షుడు, వానలు, ఆవులు, ప్రొజెక్టరు, అన్నీ దీవెనకి నోచుకోవాలి. అంతసేపూ హాలంతా కళ్లు మూసుకునే ఉంటుంది. కాపలావాళ్లతో సహా.

అందరూ కళ్లు మూశారు.

"తండ్రీ, కాపాడు. ఆమెన్."

హాలు గతుక్కుమని కళ్లు తెరిచింది. వేదిక మీద లోర్నా చెయ్యి డ్రైవ్ మీద. తెర మీద కాపీ తొంభై తొమ్మిది శాతం. తెలుగువాడెవడైనా ఉంటే "ఆమే!" అని విని ఉండేవాడు. బారసా ఒక్క గంతులో డ్రైవ్ లాగేశాడు.

"ఇంతేనా పాస్టరూ?" మంత్రి మండిపడ్డాడు. "నా పేరైనా ఎత్తలేదు!"

లోర్నాని జీపెక్కించారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మంత్రి హాలికాన్‌తో ఒప్పందం మీద సంతకం పెట్టాడు. అవే ఫైళ్లు. చప్పట్లు కూడా.

"మేడమ్, ఇదేంటి?"

"పొద్దున లాక్కుంటే దొంగతనం. మధ్యాహ్నం రాసిస్తే విధానం. పేర్లు చెరిపేసి ఇస్తార్లే."

"ఊరు, వయసు, పనిచేసే స్కూలు? అవీ చెరుపుతారా?"

"అవి కూడా తీసేస్తే ఏఐ ఏం తింటుందయ్యా?" ఆవిడ గొంతు మొదటిసారి చిన్నదైంది.

స్కూలు టర్మ్ ముగిసింది. నఫూలా ఫోన్ చేసింది.

"అన్నా, అందరి కాంట్రాక్టులూ పొడిగించారు. నన్ను మాత్రం ఏదో మిషన్ వద్దందిట. ఎందుకో హెడ్మాస్టరుకీ తెలీదు, పాపం."



ఆ వారమే బారసాకి పతకం వచ్చింది, దేశ రహస్యాలు కాపాడినందుకు.