గోలు గుంజలు

సత్తవ్వ వాకిలి ఊడ్చి చాన్పి చల్లేసరికి, ఆమె భర్త పరశురాములు సాంచాల షెడ్డు గడప మీద ఒంటరిగా కూర్చున్నాడు. లోపల బట్ట నేసే సాంచాలు చప్పుడు లేకుండా పడున్నాయి. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక సిరిసిల్లలో కరెంటు ఉన్న పూట కంటే లేని పూటే ఎక్కువ.

"ఇయ్యాల రోడ్డు మీద వంటావార్పు. ఒకలు బియ్యం, ఒకలు పప్పు ఇస్తున్నరు. మన ఇంటి వంతు కట్టెలు," అంది సత్తవ్వ.

"ఇయ్యి," అన్నాడు పరశురాములు, తల తిప్పకుండానే.

కొన్నాళ్లుగా ఆయన నోట పెద్దగా మాట లేదు. బిడ్డ లావణ్య విసిగి తండ్రితో మాట్లాడటమే మానేసింది. వాడకట్టు పిల్లల ఫుట్‌బాల్ జట్టు ఆయనదే. బంతులు ఆయన కొన్నవి, ఆడే జాగా ఆయనది. సాంచాలు ఆగి ఆయన చితికిపోతుంటే, జట్టు కూడా మునుగుతుందని బజారంతా గుబులు. ఆదివారం కోరుట్ల జట్టుతో ఆట ఉంటుందా, ఉండదా? అడిగితే ఆయన లేచి వెళ్లిపోతాడు.

ఆడవాళ్లు కట్టెల కోసం వచ్చారు. షెడ్డు వెనక మట్టి కొట్టుకుపోయి, మొదలు చెదలు తిన్న దూలాలు సత్తవ్వ కంటబడ్డాయి. పాత కప్పువై ఉంటాయనుకుని గొడ్డలితో కొట్టి ఇచ్చేసింది.

ఎండెక్కేసరికి నడి రోడ్డు మీద పెద్ద గంజులో అన్నం కుతకుత ఉడుకుతోంది. పరశురాములు సమ్మె జనంలో ఓ మూలన కూర్చున్నాడు. అప్పుడే లావణ్య ఉరికొచ్చింది. ఆమె వెనకే, సాంచాల మీద పనిచేసే రాజమల్లు, ఇంకా నలుగురైదుగురు.

"అవ్వా, గ్రౌండుల గోలు గుంజలు లెవ్వు. బాపు జాగ అమ్ముకున్నట్టున్నడు," అంది లావణ్య, రొప్పుతూ.

రాజమల్లు పొయ్యిలోకి వంగి చూశాడు. మండుతున్న కొయ్యకు వల తగిలించే ఇనుప కొక్కెం వేలాడుతోంది.

"అమ్ముడు గాదు బిడ్డా, కాలవెట్టిండు," అన్నాడు మెల్లగా. పరశురాములు వైపు తిరిగాడు. "మంచిగున్నదన్నా. టీంను కాల్చి మందికి బువ్వ వెడుతున్నవ్."

సత్తవ్వ అడ్డం వచ్చింది. "ఆయన్ను అనకు తమ్మీ. పాత దూలాలనుకుని నేనిచ్చిన."

"మరి పీకింది ఎవలు?" లావణ్య తండ్రి ఎదుట నిలబడింది. "చెప్పు బాపు. టీం ఉన్నదా, వోయిందా?"

పరశురాములు పొయ్యిలోని కొయ్యను వేలెత్తి చూపాడు.

"చెదలు తిన్నయి. పోరగాండ్ల మీద వడ్తయని నేనే పీకిన. కొత్తయి నాటిద్దామనుకున్న. నాతోని గాలేదు."

"గా మాట మాతోని అంటే అయిపోతుండె గదన్నా," అన్నాడు రాజమల్లు.

"అంటే మీరే నడుపుకుంటరు. టీం నాది గాకపోతే నన్ను గ్రౌండు గీత కాడికి ఎవలు రానిస్తరు? మందిల నేనెవణ్ని?"

ఆ మాట విని సత్తవ్వ నిర్ఘాంతపోయింది. ఇన్నాళ్లూ ఆయన మౌనం పొగరనుకుంది, లెక్కలేనితనమనుకుంది. జట్టు పోతుందేమోనని ఈ బజారులో అందరికంటే ఎక్కువ భయపడింది ఆయనే. చెప్పుకోవడానికి మాత్రం ఆయనకు ఎవరూ లేకపోయారు. పక్కనే ఉండి తను కూడా అడగలేదు.

రాజమల్లు వచ్చి ఆయన పక్కన చతికిలబడ్డాడు. "మా ఇంటెనుక వేపదూలాలున్నయి. రేపు నాటుదాం. టీం అందరం కలిసి నడుపుదాం. నువ్వు గీత కాడ నిలవడి ఒర్రాలె. నువ్వు తిట్టకపోతే మా పోరగాండ్లు ఉరుకరు."

ఎవరో నవ్వారు. లావణ్య నవ్వలేదు. విస్తరిలో వేడి అన్నం, పప్పు వేసుకొచ్చి తండ్రి ముందు పెట్టింది.

"తిను బాపు."

ఆయన ముద్ద కలిపాడు కానీ నోట్లో పెట్టుకోలేకపోయాడు. కన్నీళ్లు విస్తట్లో పడ్డాయి. లావణ్య ఆనుకుని కూర్చుంది. కాసేపటికి, ఎటో చూస్తూ అంది:

"కోరుట్లోల్లకు కొత్త గోలుకీపరు అచ్చిండట. మస్తు ఆడ్తడట."

"ఎవడు, గా పొడుగోడా?" పరశురాములు ముక్కు తుడుచుకున్నాడు. "వానికి కింది బంతి రానే రాదు. మొన్న జగిత్యాలల సూసిన. వంగేలోపట బంతి వెనుకకు వోతది. మనోల్లకు చెప్పాలె, మీదికి కొట్టకున్రని. రాజమల్లూ, ఇటు రా, నీకు సూపిస్త..."

విస్తరి పక్కన ఎంగిలి వేలితో రోడ్డు మీద గీతలు గీస్తూ ఆయన చెబుతూనే ఉన్నాడు. సత్తవ్వ పొయ్యి దగ్గర కళ్లు ఒత్తుకుంటూ, అన్నం చల్లారుతున్నా, ఆయన్ను ఆపలేదు.