పెత్రమాస నాడు చదివిన పేరు

పెత్రమాస పొద్దున కిష్టవ్వ చేతికీ నోటికీ తీరికుండదు. ఆ అమావాస్య పగలు పోయిన పెద్దల పేరు మీద బియ్యమియ్యాలి, పొద్దుగూకితే తొలిరోజు ఎంగిలిపూల బతుకమ్మ ఎత్తాలి. పోయినవాళ్లకు అన్నమూ బతికున్నవాళ్లకు ఆటా ఒక్కరోజే పెట్టిన మహానుభావుడెవరో గానీ, వాడికి ఇంట్లో ఆడవాళ్ల నడుము సంగతి తెలియదని ఆమె ఏటా తిట్టుకుంటుంది. తిట్టుకుంటూనే రెండూ చేస్తుంది. సిద్దిపేటలో ఆ నేతపనివాళ్ల వాడలో బతుకమ్మ పాట ఎత్తుకోవాలంటే ముందు కిష్టవ్వే ఎత్తుకోవాలి, మిగతా గొంతులన్నీ ఆ తర్వాతే.

నిన్న కోసుకొచ్చి నీళ్లు చల్లిన గునుగు, తంగేడు పూలు ఒక మూల గంపలో ఉన్నాయి. కిష్టవ్వ చాటలో బియ్యం పోసి, పక్కన పప్పు, చింతపండు, ఎండుమిర్చి, చిక్కుడుకాయలు, గుమ్మడికాయ ముక్క సర్దుతూ కోడలి వైపు చూసింది. నవత ఒక చేత్తో గారెల పిండి కలుపుతూ రెండో చేత్తో ఫోను చూస్తోంది.

"ఏమే నవతా, ఇయ్యాల ఏం డే ఉన్నదట?"

"ఏం లేదత్తమ్మా. కాఫీ డే నిన్ననే అయిపోయింది."

"కాఫీకి సుత ఒక రోజా! మదర్స్ డే అంటిరి, కేకు కోస్తిరి. ఫాదర్స్ డే అంటిరి, ఆనాడేమో మీ ఆయన మొకం మాడ్చుకొని కూసుండె. మా పెద్దోళ్లు ఒక్క పెత్రమాస పెట్టుకున్నరు, అందరు అండ్లనే వచ్చిన్రు."

నవత పకపకా నవ్వింది. గడపలో చెప్పులు విడుస్తున్న కొడుకు వెంకటేశ్ మాత్రం నవ్వలేదు. బస్టాండు దగ్గర జిరాక్స్ దుకాణం నడుపుకునే ఆ ముప్పయ్యేళ్లు దాటిన మనిషి, పెత్రమాస వచ్చిందంటే చాలు, పరీక్ష రాయబోయే పిల్లవాడిలా ఉంటాడు. ఎందుకో ఎవరికీ తెలియదు.

తండ్రి యాదికొస్తాడేమోనని కిష్టవ్వ అనుకునేది. ఆమె మొగుడు మగ్గం నడవక పద్దెనిమిదేళ్ల కింద మహారాష్ట్రలోని భీవండికి మరమగ్గాల పనికి పోయాడు. నాలుగేళ్లు పండక్కి వచ్చాడు, ఫోన్లు చేశాడు. తర్వాత ఫోను ఆగింది, మనిషీ ఆగాడు. పోయాడన్న కబురు రాలేదు గనుక ఉన్నాడనే కిష్టవ్వ లెక్క. ఆమె బొట్టు అంతే ఎర్రగా ఉంది, మట్టెలు అట్లాగే ఉన్నాయి. "అన్న పేరు మీద సుత బియ్యమిస్తె అయిపోదా వదినె" అని ఒకసారి ఆడబిడ్డ అంజమ్మ నోరుజారినందుకు ఏడాదిపాటు ఆమెతో మాట్లాడలేదు. బతికున్నవాడికి బియ్యమిస్తే ఆయుష్షు తగ్గదూ!

తొమ్మిది దాటాక పురోహితుడు దత్తాత్రి అయ్యగారు వచ్చారు. ఎనభైకి దగ్గరపడ్డారు. చూపు మందగించింది, మాట ఒకచోట మొదలై ఇంకోచోట తేలుతోంది. అయినా ఇంటింటి పెద్దల పేర్లు రాసుకున్న పాత నోటుబుక్కు మాత్రం చంకలోంచి దిగదు. వెంకటేశ్ ఎదురుపోయి ఆయన చెయ్యి పట్టుకుని, "అయ్యగారూ, నేను పేర్లు చెప్త, మీరు మంత్రం చదువున్రి" అన్నాడు.

"నువ్వు చెప్పుడేంది బిడ్డా, నా బుక్కుల లేవా?" అని అయ్యగారు పీట మీద కూర్చుని పేజీ తీశారు. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదువుతుంటే, కిష్టవ్వ అత్తమామల పేరు పేరుకూ పిడికెడు బియ్యం చాటలో వేస్తోంది. "నర్సయ్య… ముట్టింది. మల్లవ్వ… ముట్టింది. దుబ్బయ్య…"

కిష్టవ్వ చేతిలోని బియ్యం చాటలో పడలేదు, కింద పడ్డాయి.

"ఏం పేరు చదివిన్రు అయ్యగారూ?"

ముసలాయన తలెత్తి ఆమె మొహం చూశారు, వెంకటేశ్ మొహం చూశారు. అప్పుడు గుర్తొచ్చినట్టుంది, బుక్కు మూసేశారు. "పొరపాటైంది తల్లీ. వేరే ఇంటిది."

"వేరే ఇంట్ల నర్సయ్య, మల్లవ్వ కింద దుబ్బయ్య ఉన్నడా?" కిష్టవ్వ కొడుకు వైపు తిరిగింది. "నువ్వు చెప్పురా. మీ బాపు పేరు ఆ బుక్కుల ఎవలు రాయించిన్రు?"

వెంకటేశ్ గోడకు ఆనుకున్నాడు. చెప్పక తప్పదని తెలిశాక మనిషికి వచ్చే నీరసం అతనికి వచ్చింది. "నేనే అవ్వా. మూడేండ్లాయె. ముందునాడే అయ్యగారింటికి పోయి బాపు పేరు మీద ఇచ్చి వస్తున్న."

"ఎవడు చెప్పిండురా ఆయన సచ్చిండని?"

"భీవండి నుంచి బాపుతోని పనిచేసిన దామోదర్ మామ ఫోన్ చేసిండు. నేను పోయిన. నేనే కొరివి పెట్టిన."

కిష్టవ్వకు ఒక్కొక్కటీ వరుసగా అందుతోంది. మూడేళ్ల కింద ఎండాకాలంలో వీడు నాలుగు రోజులు ఇంట్లో లేడు. గుండుతో వచ్చాడు.

"తిరుపతి మొక్కు అంటివి గదరా. గుండు గందుకేనా?"

"అవునవ్వా."

"మరి లడ్డు?"

"వచ్చేటప్పుడు హైదరాబాద్ల మిఠాయి దుకాణంల కొన్న."

"ఆ లడ్డును నేను కండ్లకద్దుకొని వాడంత పంచిన గదరా!" కిష్టవ్వ చెయ్యి లేచింది. ముప్పయ్యేళ్ల కొడుకు చెంప మీద పడనే పడింది. నవత పిండి చేతుల్తోనే పరుగెత్తుకొచ్చి మధ్యలో నిలబడింది. పాపం ఆ పిల్లకూ ఇదంతా కొత్తే.

"కొట్టనియ్యి నవతా" అన్నాడు వెంకటేశ్. "తాత పోయిన్నాడు నానమ్మ గాజులు పలగ్గొడుతుంటె నేను తలుపు సందుల నుంచి చూసిన. ఏడేండ్లుంటయి నాకు. తర్వాత ఆమె బతుకమ్మ ఆడంగ చూడలే. గోడ పొంటి కూసుండి, ఒక్కతే చప్పట్లు కొడుతుండె. నిన్ను అట్ల కూసోబెడుతరని చెప్పలేదవ్వా. ఇయ్యేడు చెప్త, వచ్చేడు చెప్త అనుకుంట మూడేండ్లు జరిగినయ్."

"నా బొట్టు నిలబెట్టినవురా, మంచిగనే ఉన్నది. మరి ఆయన?" కిష్టవ్వ గడప వైపు చెయ్యి చూపించింది. "పెత్రమాస నాడు పోయినోళ్లు గడప దాక వస్తరంటరు గదరా. మూడేండ్ల సంది ఆయన వచ్చి, నా చాటల తన పేరు మీద పిడికెడు గింజలు లేవని చూసి పోయిండు. పెండ్లాం మరిచిందనుకోడా?"

ఎంత ఆలోచించి మూసిపెట్టినా, ఈ వైపు ఒకటి ఉంటుందని వెంకటేశ్‌కు తట్టనే లేదు. పిండి ఎండిపోతున్న చేతులతో నవత నిలబడే ఉంది. అయ్యగారు మూసిన బుక్కు వైపే చూస్తున్నారు.

కిష్టవ్వ చాట ముందు కూర్చుంది. కొడుకును అడిగింది. "ఇన్నేండ్లు ఎందుకు రాలేదట?"

"పనిచేసే కార్ఖానా మూతబడ్డదట. చిన్న చిన్న పనులు చేసుకుంట, తాగుకుంట… ఉట్టి చేతులతోని ఏం మొకం పెట్టుకొని పోవాలె అనేటోడట దామోదర్ మామతోని. నేను దవాఖానకు పోయేసరికే మాట పడిపోయింది. నా చెయ్యి పట్టుకొని నిన్నే అడిగిండవ్వా."

"మాట పడిపోయింది అంటివి గదరా."

వెంకటేశ్ తల దించుకున్నాడు. "నా ఎనుక ఎవలన్న వచ్చిన్రా అని తలుపు దిక్కు చూసిండు. రెండు మూడుసార్లు చూసిండు."

అది అబద్ధం కాదని కిష్టవ్వకు తెలిసిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పద్నాలుగేళ్లుగా తిట్టడానికి దాచిపెట్టుకున్న మాటలు ఎన్నో ఉన్నాయి ఆమె దగ్గర. ఆ ముసలి కళ్లు తలుపు వైపు చూశాయని విన్నాక ఒక్క తిట్టూ నోటికి రాలేదు.

కళ్లు తుడుచుకుని లేచింది. లోపలికి పోయి కడవలోంచి దోసిటి నిండా బియ్యం తెచ్చింది. "అయ్యగారూ, చదువున్రి."

అయ్యగారు నెమ్మదిగా అన్నారు. "నేను చదువుతె కాదు బిడ్డా. మిగతావి నేను చదివిన గని, ఈ పేరు ఇచ్చేటోళ్ల నోటినుంచే రావాలె. నువ్వే చెప్పు."

పెళ్లయి ముప్పయ్యారేళ్లు. మొగుడి పేరు కిష్టవ్వ నోటివెంట ఒక్కసారి కూడా రాలేదు. రేషన్ కార్డు దగ్గర అడిగితే పక్కనున్నవాళ్లు చెప్పారు, దవాఖానలో చీటీ రాసేటప్పుడు కొడుకు చెప్పాడు. ఆమె పెదాలు రెండుసార్లు కదిలి ఆగిపోయాయి.

"దుబ్బయ్య" అంది. చాలా మెల్లగా, పక్కన కూర్చున్న మనిషిని పిలిచినట్టు అంది. దోసిలి విప్పింది. బియ్యం చాటలో పడ్డాయి.

"ముట్టింది" అన్నారు అయ్యగారు.

అప్పుడు ఏడ్చాడు వెంకటేశ్. వాకిట్లోకి, వీధిలోకి వినపడేంత పెద్దగా ఏడ్చాడు. వీడు మూడేళ్ల కింద తండ్రిని కాల్చి వచ్చిన రాత్రే తన చేతిలో లడ్డూ పెడుతూ నవ్వాడని కిష్టవ్వకు గుర్తొచ్చింది. కొట్టిన చెంపనే నిమిరింది.

గునుగు పూల కోసం వచ్చిన పక్కింటి బాలవ్వ ఆ ఏడుపు విని గేటు తోసుకుని లోపలికొచ్చింది. "ఏమైందే కిష్టవ్వా? పండుగపూట ఏడుపేంది?"

వెంకటేశ్ గబగబా కళ్లు తుడుచుకున్నాడు. బాలవ్వకు తెలిసిందంటే గంటలో వాడకంతా తెలుస్తుంది. మూడేళ్లుగా తల్లి చేత బొట్టూ వాయినమూ ఇప్పించాడని రేపట్నించి దుకాణానికొచ్చి మరీ తిడతారు.

"మా ఆయన పోయిండు బాలవ్వా" అంది కిష్టవ్వ. "మూడేండ్లాయె. పిలగాడు అప్పుడే చెప్పిండు. నేనే ఎవలకు చెప్పనియ్యలే. వద్దు బిడ్డా అని ఒట్టు పెట్టించుకున్న. గందుకే వానికి గింత దుఃఖం."

వెంకటేశ్ ఏదో అనబోయాడు. తల్లి చెయ్యి అతని భుజాన్ని గట్టిగా నొక్కింది.

బాలవ్వ నోరు తెరుచుకుని నిలబడింది. "మూడేండ్లా! మరి పోయినేడు మా బిడ్డ వినీత కడుపుతోనుండంగ నీ చేతి పసుపే గదనే తీసుకున్నది!"

"అవు, నేనే ఇచ్చిన. పిలగాడు పుట్టిండా?"

"పుట్టిండు."

"సల్లగున్నడా?"

"ఉన్నడు. మొన్ననే బోర్ల పడ్డడు."

"మరి గంతే."

ఇద్దరాడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. బాలవ్వ మూలనున్న గంపలోంచి రెండు గుప్పిళ్లు గునుగు పూలు తీసి కొంగులో వేసుకుంది. గేటు దాకా పోయి వెనక్కి తిరిగింది. "పొద్దుగూకంగ జల్ది రా. పోయినేడు నువ్వు ఆలస్యమైతె కొండవ్వ ఎత్తుకున్నది పాట. చెవులు పలిగినయ్ అందరివి."

ఆమె పోయాక నవత వచ్చి అత్త పక్కన కూర్చుంది. వెంకటేశ్ ఇంకా నమ్మలేనట్టు తల్లినే చూస్తున్నాడు.

"నా తప్పు నీ మీదెందుకు ఏసుకున్నవవ్వా? రేపు వాడంత నిన్నే అంటరు."

"అననియ్యి. నువ్వు మూడేండ్లు మోసినవు కద బిడ్డా, ఒక్కనివే" అంది కిష్టవ్వ. "ఇగ నాకియ్యి."

వెంకటేశ్ తల్లి ఒడిలో తల పెట్టాడు. కిష్టవ్వ ఒక చెయ్యి అతని తల మీద ఉంచి, రెండో చేత్తో కింద పడిన బియ్యం గింజలు ఏరి చాటలో వేయసాగింది.