తీపు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలమాట. ఆ మాట అన్నవాళ్లు పలుకును గురించి అన్నారు. దంతపాలన కేంద్రం వారు దాన్ని పళ్లకు అన్వయించి కనిపించిన ప్రతి గోడమీదా రాయించారు. నాగావళి సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉన్న నిరాశ్రయ వృద్ధుల నిలయంలోనూ భోజనశాల గోడమీద ఆ వాక్యం ఉంది. సరిగ్గా దాని కిందే పైడమ్మ రోజూ చోడంబలి గిన్నెతో కూర్చునేది.

"పైడమ్మ గారూ, శుభోదయం. మీ నోట్లో ఎలా ఉంది?" అని ఆమె మెడలోని పలుకుబిళ్ల అడిగింది.

"మా అల్లుడుగోరు నెగిసినారు," అంది పైడమ్మ, పక్కనున్న సన్యాసమ్మతో. "కూతుర్ని కనకపోయినా అల్లుడు దొరికినాడు నాకు. ఎంత మర్యాదో సూడు." తరవాత బిళ్లను పెదవుల దగ్గరకు తెచ్చుకుంది. "అంగుడు తీపులుగా ఉన్నాది బాబూ. రాత్రల్లా ఒకటే తీపు."

"తీపు నమోదు చేసుకున్నాను. ధన్యవాదాలు."

వంటయంత్రం ఆమె గిన్నెలో అంబలి పోసింది. బెల్లం వెయ్యలేదు.

నిలయాధికారి భానోజీరావు అది చూశాడు. కారణం కేంద్రం నుంచి అతనికి ముందే అందింది. "తీపి తగ్గించమన్నారు పైడమ్మా," అన్నాడు. "రోజూ నోరు తీపుగా ఉందని నువ్వే చెబుతున్నావు కదా. చాటుగా ఏదో తింటున్నావని వాళ్ల అనుమానం."

"నానేటి తిన్నాను బాబూ? తీపంటే తీపు గానీ."

"యంతరానికి నాలికేటున్నాది, రుచి సెప్పడానికి?" అంది సన్యాసమ్మ. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బందరు ప్రాంతంలో పుట్టి పెరిగిన భానోజీరావు కూడా నవ్వాడు. వాళ్లు ఒక సంగతికీ, అతను మరొక సంగతికీ నవ్వుకున్నారు.

నోటికావలి బియ్యపుగింజంత యంత్రం. చివరి దంతం వెనక అతుక్కుని, కంటికి ఆనని చీపుళ్లతో పళ్లసందులు ఊడుస్తుంది. పుచ్చు మొదలైన చోట పూత పూస్తుంది. దుర్వాసన పుట్టనివ్వదు. చేతులు స్వాధీనంలో లేనివాళ్లకూ, మతి తప్పినవాళ్లకూ, మంచం పట్టినవాళ్లకూ అంతకు మించిన మేలు లేదని భానోజీరావు విశ్వాసం. పుచ్చిన పళ్లతో మెతుకు నమలలేక చిక్కిపోయిన తల్లిని చూసినవాడు కనుక అది గుడ్డి విశ్వాసం కూడా కాదు. కావలి వచ్చాక మనిషి మనిషి నోరు చూడడం తగ్గిపోయింది. అశక్తుల శరీరాన్ని వాళ్ల కోరిక లేకుండా ఎవరూ తాకరాదన్న సదుద్దేశంతో ఒక నియమమూ వచ్చింది: ఫిర్యాదు చెయ్యని నోటిని వైద్యుడు తెరవకూడదు.

కావలి చూసేది పళ్లనూ చిగుళ్లనూ. మిగిలిన నోటి సంగతి ఆ నోరే పలుకుబిళ్లకు చెప్పాలి. చుట్ట నిప్పుకొసను లోపల పెట్టుకుని, నోటి పైకప్పు అంగుడు కాలేలా పొగ తాగే ఆడవాళ్లు ఈ తీరంలో ఉంటారని దాన్ని తయారుచేసినవాళ్లకు తెలియదు. భానోజీరావుకు తెలుసు. పెళ్లినాటి నుంచీ పైడమ్మ తాగుతున్న అడ్డచుట్టను మానిపించింది అతనే. చుట్టకు బదులు రోజూ అంబలిలో బెల్లం. అదీ వాళ్లిద్దరి ఒప్పందం.

మర్నాడు పైడమ్మ మరింత గట్టిగా చెప్పింది. అరటిపండు పోయింది. ఇంకా గట్టిగా చెప్పింది. సాయంత్రపు పాలల్లో పంచదార పోయింది. ఒక ఉదయం బిళ్ల అడిగితే, "బాగుంది," అంది. బెల్లం తిరిగొచ్చింది.

భోజనశాల అంతా అది చూసింది. ఆ తరవాత సన్యాసమ్మ బుగ్గలోపలి పొక్కు గురించి ఎత్తలేదు. నాలుక పగిలిన ముసలాయన ఉప్పు తగిలినప్పుడు కళ్లు మూసుకుని మింగాడు. ఒక్క ఫిర్యాదూ లేని నిలయమని కేంద్రం అభినందన పంపింది. భానోజీరావు దాన్ని అందరికీ చదివి వినిపించాడు.

వేసవిలో ఒక మధ్యాహ్నం వసారాలో పైడమ్మ మోకాళ్లు పట్టుకుని, "ఒకటే తీపులు, తల్లీ," అని సన్యాసమ్మతో అనడం అతని చెవిన పడింది.

భానోజీరావు నిలబడిపోయాడు. మోకాలికి రుచి ఏమిటి?

అతను చేసిన తప్పును సరిదిద్దుకోవడంలో ఆలస్యం చెయ్యలేదు. ఈ ప్రాంతంలో తీపు అంటే నొప్పి అని కేంద్రానికి తెలియజేశాడు. కేంద్రం కృతజ్ఞతలు చెప్పి అప్పటికప్పుడే పదకోశం సవరించింది. మర్నాడు బిళ్ల తప్పులేకుండా అడిగింది:

"పైడమ్మ గారూ, నోట్లో తీపులు, అంటే నొప్పి, ఏమైనా ఉన్నాయా?"

"లేవు," అంది పైడమ్మ.

భానోజీరావు ఆమె ఎదుట కూర్చున్నాడు. తన బజారు సంచిలోంచి అచ్చుబెల్లం ముక్క తీసి చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. వాసన చూసింది. కొంగున ముడేసుకుంది.

"తినవేం?"

"తరవాత తింటాను బాబూ."

"తినలేకపోతున్నావు. అంగుడు నొప్పి కదూ? నొప్పని ఒక్క మాట చెప్పు, వైద్యుడు వస్తాడు."

"సెప్పి సెప్పి సూసినాను. సెప్పినప్పుడల్లా ఒకటి పోయింది."

"ఈసారి ఏదీ పోదు. నేను మాటిస్తున్నాను."

"సుట్ట మానితే బెల్లం ఎప్పటికీ పోదని మాటిచ్చింది తమరే గదేటి," అంది పైడమ్మ. ఆ గొంతులో కోపం లేదు. ధర అడిగి బేరం వదిలేసి వెళ్లే మనిషిలా అంది.

"పోనీ, నోరు తెరువు. నేనే చూస్తాను."

ఆమె పెదవులు బిగించి సముద్రం వైపు తిరిగింది.

అతనే ఆమె తరఫున ఫిర్యాదు చేశాడు. నోరు ఆమెది కనుక ఫిర్యాదు కూడా ఆమెదే కావాలని జవాబు వచ్చింది. మళ్లీ రాశాడు. మళ్లీ అదే వచ్చింది. రోజూ అంబలి వేళకు వెళ్లి ఆమెను బతిమాలాడు. ఆమె రోజూ అతను తెచ్చిన బెల్లం తీసుకుంది. గిన్నెలో అంబలి మాత్రం రోజురోజుకూ ఎక్కువ మిగిలింది.

తొలకరికి ముందే పైడమ్మ చనిపోయింది. పుండు అంగుడిని తొలిచి ముక్కులోకి పాకిందని, శవాన్ని పరీక్షించిన వైద్యుడు చెప్పాడు. ఆమె చీరల కొంగుముడుల్లో బెల్లం ముక్కలు దొరికాయి. నోటికావలిని తీసి శుభ్రపరిచి, నిలయంలో కొత్తగా చేరిన మనిషికి అమర్చారు. పైడమ్మ నోటి గురించి కేంద్రానికి చేరిన చివరి నమోదు ఇది: పళ్లు ఆరోగ్యం. చిగుళ్లు ఆరోగ్యం. తీపు లేదు.