తెల్లదారంతో కుట్టిన ఆరు

పదిహేనేళ్లుగా నాకొక అనుమానం ఉంది. ఆ రోజు ఆ జెర్సీ మీద అంకెను నేను నల్లదారంతో కుట్టాను. మర్నాడు ఉతకడానికి వచ్చినప్పుడు దాని మీద తెల్లదారం ఉంది.

ఫాదర్‌గారి దగ్గర పాపసంకీర్తనంలో కూడా ఈ మాట చెప్పలేదు. అది పాపమో పొరపాటో నాకే తెలియనప్పుడు ఏమని చెప్పను? లుహాన్ మరియమాత ముందు కొవ్వొత్తి వెలిగించిన ప్రతిసారీ అడిగేదాన్ని, అమ్మా, ఆ దారం ఎలా మారింది అని. ఆవిడకు ఇంతకంటే పెద్ద పనులున్నాయేమో, ఊరుకునేది. చివరికి ఈ జనవరిలో, ఒక మంగళవారం మధ్యాహ్నం, భోజనాల బల్ల దగ్గర జవాబు దొరికింది.

ఆ ఉదయం మామూలుగానే మొదలైంది. మాతే ఆకుల టీ కాచుకుందామని కెటిల్ పొయ్యి మీద పెట్టాను. మా అక్క కూతురు గ్రిసెల్దా ఇల్లూ నా ఇల్లూ ఒకే పెరట్లో ఉంటాయి, మధ్యలో ద్రాక్షపందిరి. వాళ్ల ఇంటికి సగం స్లాబు, సగం రేకు. ఆ రేకు కిందినుంచి టేపు లాగిన చప్పుడు వినపడింది. జనవరి వచ్చిందంటే ఆ ఇంట్లో టేపు చప్పుడే. అట్టపెట్టెలు బయటికి వస్తాయి, ఏదో కొత్త ఊరికి బస్సు వెళుతుంది.

గ్రిసెల్దా భర్త దారియో ఓహెదా ఫుట్‌బాల్ ఆడతాడు. టీవీలో కనిపించే ఫుట్‌బాల్ కాదది. మూడో డివిజన్, నాలుగో డివిజన్. స్నానాల గదిలో చన్నీళ్లే వస్తాయి, జీతం మూడు నెలలు ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. కానీ దారియో గోల్స్ కొడతాడు. తలతో, కాలితో, మోకాలి చిప్పతో, ఒకసారి కూర్చునే కొట్టాడు. తొమ్మిది ఊళ్లలో పన్నెండు క్లబ్బులకు కలిపి నూట తొంభై తొమ్మిది. ఇప్పుడతనికి ముప్పై ఎనిమిదేళ్లు. కుడిమోకాలు వంగదు, గుమ్మం మెట్లు పీతలా పక్కకు తిరిగి ఎక్కుతాడు.

కెటిల్ పట్టుకుని పెరట్లోకి వచ్చేసరికి గ్రిసెల్దా పెట్టె ముందు నిలబడి ఉంది. ఆ పెట్టె మీద తొమ్మిది ఊళ్ల పేర్లు వరసగా రాసి, వరసగా కొట్టేసి ఉన్నాయి.

"పదో పేరు ఎక్కడ రాస్తావు? అడుగున ఖాళీ ఉంది, తిప్పనా?" అంది.

"గ్రిసీ, పది నెలలే. దక్షిణాదిన మంచి క్లబ్బు. ఇల్లు కూడా ఇస్తామన్నారు."

"ఎంత దూరం?"

"బస్సులో ఇరవై రెండు గంటలు."

"డాక్టరు ఏమన్నాడు?"

దారియో టేపు కొస వెతుక్కుంటూ కూర్చున్నాడు.

"డాక్టరు ఏమన్నాడో పిన్నికి కూడా చెప్పు. ఇంకొక్క సూది ఆ మోకాల్లోకి దిగితే చేతికర్ర తప్పదన్నాడు. అవునా కాదా?"

"డాక్టర్లు అలాగే అంటారు."

"జూన్లో మన అబ్రిల్‌కి పదిహేనేళ్లు నిండుతాయి. పదిహేనేళ్ల పండగలో తండ్రితో మొదటి నాట్యం చెయ్యాలి పిల్ల. ఎవరితో చేస్తుంది, ఈ పెట్టెతోనా?"

"ఆ రోజుకి వచ్చేస్తాను."

"పోయిన ఏడు కూడా వచ్చేస్తానన్నావు. దాని పుట్టినరోజు నాడు ఎక్కడో కొండల మధ్య సున్నా సున్నా ఆడుతున్నావు."

గ్రిసెల్దా అరవలేదు. అరిస్తే నాకు అంత భయం వేసేది కాదు. చేతులు తుడుచుకుని, "ఈసారి నేను రాను దారియో. బడి వంటింట్లో నాకు పని ఖాయమైంది. నువ్వు వెళ్లాలనుకుంటే వెళ్లు. కానీ మళ్లీ ఈ గుమ్మానికి రాకు" అని లోపలికి వెళ్లిపోయింది. దారియో మళ్లీ టేపు లాగాడు. నేను పోసిచ్చిన మాతే చల్లారిపోయింది.

గ్రిసెల్దా నా దగ్గరకు వచ్చి, "అన్నయ్యని పిలువు పిన్నీ. వాడి మాటైనా వింటాడేమో" అంది. బస్సు సాయంత్రం ఆరింటికి.

గ్రిసెల్దా అన్న రమీరో ఫెరేయ్రా రోడ్డు మలుపులో టైర్లకు పంక్చర్లు వేస్తాడు. ఒకప్పుడు దారియోతో కలిసి మా ఊరి రైల్వే క్లబ్బుకు ఆడాడు. దారియో తొమ్మిదో నంబరు, ముందుండి గోల్స్ కొట్టేవాడు. రమీరో ఆరో నంబరు, వెనకుండి కాళ్లు విరగ్గొట్టేవాడు. పదకొండేళ్లు ఆడి ఒక్క గోల్ కూడా కొట్టలేదని ఊరంతా వాణ్ణి ఆటపట్టించేది.

మధ్యాహ్నం నల్లని చేతులు గుడ్డతో రుద్దుకుంటూ వచ్చాడు. బ్రెడ్‌పొడి అద్ది వేయించిన మాంసం ముక్కలు, మిలనేసాలు, బల్ల మీద పెట్టాను. పందిరి కింద అయిదుగురం కూర్చున్నాం. తేనెటీగలు ద్రాక్షగుత్తుల మీద రొద పెడుతున్నాయి.

"ఏం బావా, మళ్లీ పెట్టె కట్టావట? అక్కడ గాలికి బంతి వెనక్కి వస్తుందిట. నీకు సుఖమే, పరిగెత్తనక్కర్లేదు" అన్నాడు రమీరో.

దారియో నవ్వబోయాడు. అబ్రిల్ నవ్వలేదు.

"నాన్నా, నువ్వు కొట్టిన గోల్స్‌లో నేనెన్ని చూశానో తెలుసా?" అంది. "నాలుగు. పెట్టెలు మాత్రం అన్నీ చూశాను. ఏడు బళ్లు మారాను. ప్రతిచోటా వెనక బెంచీయే. స్నేహితులయ్యేసరికి జనవరి వచ్చేస్తుంది."

"ఇదే ఆఖరు తల్లీ."

"అలాగా? లుహాన్ మాత మీద ఒట్టేసి చెప్పు."

దారియో చెయ్యి సగం లేచి ఆగిపోయింది. అబద్ధపు ఒట్టు వెయ్యడం అతనికి చేతకాదు. ఆ సంగతి పిల్లకి బాగా తెలుసు.

గ్రిసెల్దా ఫోర్కు కింద పడేసింది. "నూట తొంభై తొమ్మిది! రెండొందలైతే ఏమవుతుంది? నీకు విగ్రహం కడతారా? ఆ ఒక్కటి తక్కువైతే చచ్చిపోతావా?"

"ఒకటి కాదు," అన్నాడు దారియో.

"ఏమిటి?"

"రెండు కావాలి నాకు. నావి నూట తొంభై ఎనిమిదే."

రమీరో నోటి దగ్గర ముద్ద ఆగిపోయింది. వాడూ దారియో ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. ఆ క్షణంలోనే నాకు సగం అర్థమైంది.

పదిహేనేళ్ల కిందట, డిసెంబరులో, మా క్లబ్బు పై డివిజన్‌కి వెళ్లే ఆఖరి ఆట. కుండపోత వర్షం. ఆ రోజుల్లో క్లబ్బుకి ఒకే జత జెర్సీలు. తెల్ల జెర్సీకి నల్లగుడ్డ కత్తిరించి కుట్టిన అంకెలు. ఉతికేదీ కుట్టేదీ నేనే. మొదటి సగంలో ఎవడో లాగితే రమీరో వీపు మీది అంకె ఊడి వేలాడింది. విరామంలో వాడు పరిగెత్తుకొచ్చాడు. కరెంటు లేదు. చీకటి గదిలో, వాడు ఒంటి మీంచి విప్పకుండానే, గబగబా నాలుగు కుట్లు వేసి పంపేశాను. ఆట ముగియబోతుండగా గోల్ ముందు ఎనిమిది మంది బురదలో కుప్పగా పడ్డారు. బంతి వలలో ఉంది. రిఫరీ కాగితం మీద తొమ్మిది అని రాసుకున్నాడు. ఓహెదా, ఓహెదా అని మైకులో అరిచారు. ఆ గోల్ చూసి పెద్ద క్లబ్బు మనిషి వారం తిరక్కుండా దారియోకి ఒప్పందం కాగితాలు తెచ్చాడు. అక్కణ్ణుంచే మొదలైంది అతని తిరుగుడు.

"అది నాది కాదు," అన్నాడు దారియో. బల్ల మీదున్న బ్రెడ్డుముక్కలను వేలితో వరసగా పేరుస్తున్నాడు. "బంతి నాకు తగల్లేదు. నువ్వు నా మీంచి దూకి తలతో కొట్టావు. నీ గడ్డం నా భుజానికి తగిలింది. అందరూ నా మీద పడి ముద్దులు పెడుతుంటే చేతులెత్తాను. కాదని అనలేకపోయాను. తర్వాత కొట్టిన ప్రతిదానికీ ఒకటి తగ్గించి లెక్కపెట్టుకున్నాను బావా. రెండొందలు నావే, సొంతంగా నావే అయితే, అప్పుడు నీ దగ్గరకొచ్చి తలెత్తి చెప్పొచ్చనుకున్నాను."

"తప్పు నాది," అన్నాను. "నేనే తిరగేసి కుట్టుంటాను. చీకట్లో ఆరు తొమ్మిదైంది. కానీ మర్నాడు చూస్తే ఆరు సరిగ్గానే ఉంది. దారం మాత్రం..."

"తెల్లదారం," అన్నాడు రమీరో. "మా ఇంట్లో అదే ఉంది పిన్నీ. విప్పేటప్పుడు చూశాను. అప్పుడు గానీ రిఫరీ ఎందుకలా రాశాడో తెలియలేదు. నేనే ఊడదీసి, తిప్పి కుట్టుకున్నాను. సూది గుచ్చుకుని రక్తం కూడా వచ్చింది."

"ఎందుకురా? అలాగే పట్టుకెళ్లి చూపిస్తే నీ గోల్ నీకిచ్చేవాళ్లు కదా!"

"చెల్లికి అప్పుడు మూడో నెల పిన్నీ." రమీరో అబ్రిల్ వైపు చూసి కళ్లు దించుకున్నాడు. "చెల్లికి అప్పటికి పెళ్లి కాలేదు, వీడికి జీతం లేదు. ఆ గోల్ చూసే కదా వాళ్లొచ్చారు. ముప్పై ఏళ్ల డిఫెండర్‌కి ఎవరిస్తారు కాగితాలు? నా దగ్గరుంటే అది ఒక గోల్. వీడి దగ్గరుంటే ఇల్లు. అందుకే ఊరుకున్నాను."

తర్వాత ఒక్కసారిగా లేచాడు. కుర్చీ వెనక్కి పడింది.

"ఇంటి కోసం ఇచ్చాను రా దారియో! వినపడుతోందా? మా చెల్లి ఒకచోట కూర్చుని అన్నం తినాలని ఇచ్చాను! నువ్వేం చేశావు? ఆ ఒక్కటీ మొయ్యలేక దాన్ని తొమ్మిది ఊళ్లు తిప్పావు. ఒక్క మాట, బావా అది నీది అని ఒక్క మాట చెబితే సరిపోయేదానికి మోకాలు పోగొట్టుకున్నావు. పిల్ల దగ్గర లేకుండా పోయావు. పదిహేనేళ్లు నేను టైర్లు విప్పుతూ అనుకున్నాను, పోనీలే, నా గోల్ తింటూ వాళ్లు సుఖంగా ఉన్నారని. ఇదా సుఖం?"

దారియో రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అతను ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. గోల్ పోస్టుకి గుద్దుకుని పన్ను ఊడినప్పుడు కూడా ఏడవలేదు. అబ్రిల్ బిత్తరపోయి తల్లిని చూసింది.

గ్రిసెల్దా నెమ్మదిగా లేచింది. అన్నని చూసింది, మొగుణ్ణి చూసింది.

"ఎంత గొప్పవాళ్లు!" అంది. "ఒకడు నా కోసం ఇచ్చాడట. ఒకడు నన్ను పక్కన పెట్టుకుని దాచాడట. పదిహేనేళ్లలో ఒక్కరైనా నన్నడిగారా? అడిగుంటే ఆ రోజే చెప్పేదాన్ని, నాకు పెద్ద క్లబ్బు వద్దు, రైల్వే వర్క్‌షాపులో పని చూసుకోమని. నా కడుపు పేరు చెప్పి మీరిద్దరూ బేరమాడుకున్నారు. పిన్నీ, నువ్వు కూడా. అనుమానం వచ్చిన రోజే ఎందుకు నోరు విప్పలేదు?"

దేవుణ్ణి అడిగాను గానీ, రోడ్డు మలుపులో ఉన్న రమీరోని అడగలేదు. మాతకి చెప్పుకుంటే చాలు, మనిషికి చెప్పనక్కర్లేదనుకున్నాను. అది భక్తా, పిరికితనమా? ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.

గ్రిసెల్దా దారియో వైపు తిరిగింది.

"క్లబ్బు గోడ మీద నీ పేరుంది. వెళ్లి మార్చు. ఇవాళే. తర్వాత బస్సెక్కుతావో ఉంటావో నీ ఇష్టం."

మా క్లబ్బు హాల్లో, బార్ పక్కన, ఆ ఆట ఆడిన పదకొండు మంది పేర్లూ గోడ మీద రాసి ఉంటాయి. వాటి కింద పెద్ద అక్షరాలతో 'గోల్: ఓహెదా'. మా ఊళ్లో పుట్టిన ప్రతి పిల్లాడూ ఆ గోడ చూస్తూ పెరిగినవాడే.

నాలుగింటికి అందరం వెళ్లాం. దారియో తెల్లరంగు, నల్లరంగు, రెండు కుంచెలు పట్టుకున్నాడు. బార్ దగ్గర పేకాడుతున్న ముసలివాళ్లు ఇదేమిటని లేచారు. దారియో వాళ్ల వైపు తిరిగి, "ఈ గోల్ నాది కాదు. రమీరోది. పదిహేనేళ్లుగా అబద్ధమాడాను" అన్నాడు. పేకముక్కలు చేతుల్లోనే ఉండిపోయాయి. ఒకాయన టోపీ తీశాడు, ఎవరి కోసమో ఆయనకే తెలియనట్టు.

నిచ్చెన ఎక్కడానికి మోకాలు వంగలేదు. రెండో మెట్టు మీద దారియో తూలాడు. గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డ రమీరో విసుక్కుంటూ వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు.

"పడితే నేను మొయ్యలేను. దున్నపోతులా ఉన్నావు."

"పట్టుకో బావా."

"పట్టుకున్నాను, రాసి చావు."

కింద రంగు చుక్కలు పడుతున్నాయి. గ్రిసెల్దా బయటికి వెళ్లి, ఇంటి నుంచి అట్టపెట్టె తెచ్చింది. టేపు చించి, విప్పి, నేల మీద పరిచింది. తొమ్మిది ఊళ్ల పేర్ల మీద తెల్లచుక్కలు, నల్లచుక్కలు రాలాయి. దారియో పైనుంచి అది చూశాడు. కుంచె కాసేపు ఆగింది, మళ్లీ కదిలింది. ఆరింటికి బస్సు హారన్ రోడ్డు మీద వినపడినప్పుడు అతనింకా ఫెరేయ్రాలో చివరి అక్షరం దిద్దుతూనే ఉన్నాడు. అబ్రిల్ కింద నిలబడి రంగుడబ్బా అందిస్తోంది.

ఫెడరేషన్ కాగితాల్లో ఇది మారదు. మారకపోతే పోనీ అనుకున్నాను. మా గోడ మీద మారింది.

రమీరో వెనక్కి నడిచి, తల వంచి, ఒక కన్ను మూసి చూశాడు.

"అక్షరాలు వంకరగా ఉన్నాయి."

"మోకాలు వంకర మరి," అన్నాడు దారియో. ఒక్కో మెట్టే దిగి, గ్రిసెల్దా ముందు నిలబడ్డాడు. ఆమె ఏప్రన్ అంచుతో అతని గడ్డం మీది రంగు తుడిచింది, కాస్త గట్టిగానే.

పేకాడే ముసలాయన గోడ వైపు చూస్తూ అడిగాడు, "అయితే ఇప్పుడు లెక్కెంత?"

"నూట తొంభై ఎనిమిది," అన్నాడు దారియో. "అక్కడితో సరి."

అందరూ రమీరో వైపు తిరిగారు. వాడు టైరు మసి పట్టిన చేత్తో కళ్లు తుడుచుకుంటే మొహమంతా నల్లబడింది.

"నాకు ఒకటి," అన్నాడు.